గుప్తవైద్యము: సిద్దిపేట హకీముల నాటి నుండి దూరవైద్యము దాకా

జ్వరము వచ్చినవాడు పదిమందితో చెప్పుకొనును. కాలు బెణికినవాడు అరుగు మీద కూర్చుండి దారిన పోవువారి యోదార్పు నందుకొనును. కాని అంగస్తంభన లోపముతో బాధపడు పురుషుడు మాత్రము ఇల్లాలికి సైతము మనసు విప్పలేక, తన్నెరుగని యూరిలో తన్నెరుగని వైద్యుని వెదకుకొనుచు వచ్చినాడు. మెదకు జిల్లాలో చిరకాలము తాలూకా కేంద్రమై యుండి, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన సిద్దిపేటలో నేడొక గృహస్థు తలుపు మూసికొని సెల్‌ఫోనులో వైద్యుని ఎన్నుకొనుచున్నాడన్నచో, అది తరతరముల గుప్తవైద్యమునకు నేటి మజిలీయే గాని వింత గాదు.

మన ప్రాచీనులు ఈ విషయమున మనకంటె నిస్సంకోచులు. ఆయుర్వేదము యొక్క అష్టాంగములలో లైంగిక శక్తిని పెంపొందించు వాజీకరణ మొకటి. చరకసంహిత చికిత్సాస్థానమున రెండవ అధ్యాయ మంతయు దానికే కేటాయింపబడినది. పాలు, నేయి, మినుములతో గూడిన యోగముల నటుంచి, ముప్పదవ అధ్యాయమున క్లైబ్యమునకు, అనగా నపుంసకత్వమునకు, చెప్పిన నాలుగు హేతువులను చూడవలెను: బీజదోషము, ధ్వజోపఘాతము, వార్ధక్యము, శుక్రక్షయము. హేతువు నెరుగక ఔషధ మీయరాదను వివేకము ఆ విభజనలోనే యున్నది.

నిజాము పాలనలో యునానీ వైద్యమునకు రాజాదరణ లభించినది. చార్మినారు చెంతనున్న నిజామియా దవాఖానా దానికి నేటికిని సాక్షి. యునానీ వైద్యుడైన హకీము రోగి మణికట్టు పట్టి నాడి చూచి, ఆహారనిద్రలను విచారించి, మాజూనను లేహ్యము నిచ్చువాడు. ఆ మందు ఫలించినను ఫలింపకున్నను, అతడు ఆ యూరి బజారులోనే మరునాడును కనబడువాడు. రోగికి జవాబుదారిగా నుండువాడు.

అచ్చుయంత్రమును, మోటారు బస్సును వ్యాపించిన పిమ్మట ఈ బాధ్యత సడలినది. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ యను పెద్ద యక్షరములు, వాని క్రింద ఫలానా ఆదివారము ఫలానా లాడ్జిలో కలువగలరను ప్రకటన వెలసినవి. స్వప్నస్ఖలనమును మహారోగమని బెదరించి, పేరులేని చూర్ణపు పొట్లమును చేతబెట్టి, సాయంకాలపు బస్సులో తరలిపోవు ‘డాక్టరు’ను మరల నిలదీయుట యెట్లు? ఈ యనర్థము నరికట్టుటకే పార్లమెంటు 1954లో అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టమును చేసినది. లైంగిక సామర్థ్యమును పెంచెదమను ప్రకటనలను అది నిషేధించినది. యునానీ మందుల సంస్థయైన హమ్దర్ద్ దవాఖానా వాక్స్వాతంత్ర్యము పేరిట దానిని ఎదిరింపగా, 1959లో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను కొట్టివేసినను నిషేధపు మూలసూత్రమును నిలిపినది. చట్టము నిలిచినది; గోడలు మాత్రము మారలేదు.

భయమును పోగొట్టినది చట్టముకంటె విజ్ఞానమే. విజయవాడ వైద్యులు డాక్టర్ సమరముగారు తెలుగు వారపత్రికలలో పాఠకుల ప్రశ్నలకు సమాధానము లిచ్చుచు, పేరు చెప్పుకొనలేని యువకులకు శాస్త్రీయమైన ధైర్యమును పంచినారు. తన ముఖమును చూపక నిజమైన వైద్యునితో మాటాడగల వెసులుబాటు తెలుగువానికి తొలుత ఆ పుటలలోనే దొరకినదని నా విశ్వాసము.

1998 మార్చి 27న అమెరికా ప్రభుత్వము సిల్డెనాఫిల్‌ను ఆమోదించుటతో కథ మలుపు తిరిగినది. గుండెనొప్పికై పరిశోధింపబడిన ఈ మందు, రక్తనాళములను సడలించి అంగమునకు రక్తప్రసారమును పెంచును. అయితే నాలుక క్రింద నైట్రేటు మాత్ర నుంచుకొను హృద్రోగి దీనిని మ్రింగినచో రక్తపోటు ప్రమాదకరముగా పడిపోవును. అంతేగాక, అంగస్తంభన లోపము పెక్కుసారులు మధుమేహమునకో, రానున్న గుండెజబ్బునకో ముందస్తు సూచన. మాత్రతో లక్షణమును కప్పిపుచ్చిన యెడల అసలు వ్యాధి లోలోపల పెరుగును.

2020 మార్చి 25న కేంద్రము ప్రకటించిన దూరవైద్య (టెలిమెడిసిన్) మార్గదర్శకములు ఈ ప్రమాదముల దృష్ట్యా గమనింపదగినవి. వైద్యుడు తన పేరును, నమోదు సంఖ్యను రోగికి తెలుపవలెను. కృత్రిమ మేధ తనంత తాను మందు వ్రాయరాదు. ఎదుట పరీక్షింపవలసి వచ్చినచో వైద్యుడు ఆ మాట చెప్పి రోగిని రప్పింపవలెను. కావున సిద్దిపేట గృహస్థు చేయవలసిన పరీక్ష సులభము. నమోదు సంఖ్యను వైద్యమండలి పట్టికలో సరిచూచుకొనవలెను. చక్కెర, రక్తపోటు, గుండె, వాడుచున్న మందులు, మనోవ్యథ — వీనిని గురించి అడుగని సేవను విడిచిపెట్టవలెను. చీటీ లేకయే మాత్రలు పంపెదమనువారిని, కొద్దిదినములలో పూర్వయౌవనము ననుగ్రహించెదమనువారిని లాడ్జి వైద్యునికి వారసులుగా నెంచవలెను. దూరవైద్యుడు రక్తపరీక్షకు పొమ్మన్నచో నిరుత్సాహపడ బనిలేదు; 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన పట్టణమున ఆ పని ఊరు దాటకయే జరుగును.

గోప్యత రోగి హక్కు. దానిని కోరినందుకు ఎవ్వరును సిగ్గుపడ నక్కరలేదు. అయితే రోగి పేరు దాగియుండవచ్చును గాని, వైద్యుని పేరు దాగియుండరాదు. ఇంతకాలపు గుప్తవైద్యములో మోసమునకు తావిచ్చినది రోగి మౌనముకంటె వైద్యుని యజ్ఞాతమే.