జూలియా అన్న ‘వద్దు’

జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల 1949 జూన్‌లో వెలువడింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో దాన్ని సోషలిజం మీద విసిరే రాయిగా వాడుకున్నారు. ఆ వాడకాన్ని ఖండించవలసిందే. అయితే ఆ రభసలో నవల లోపలి ప్రశ్న ఒకటి మరుగునపడిందని నా అభిప్రాయం. విన్‌స్టన్, జూలియా - ఈ ప్రేమికులలో తిరుగుబాటుదారు ఎవరు?

విన్‌స్టన్‌కు 39 ఏళ్లు. సత్య మంత్రిత్వశాఖలో పాత పత్రికలను దిద్ది చరిత్రను తారుమారు చేసే ఉద్యోగం. పార్టీకి ముందున్న కాలం అతనికి మసకమసకగా గుర్తుంది. అందుచేత అతని దృష్టిలో తిరుగుబాటంటే పోయిన గతాన్ని రాబట్టుకోవడం. 26 ఏళ్ల జూలియా పార్టీ పాలనలోనే పెరిగింది. నవలలు తయారుచేసే యంత్రాల దగ్గర పని. పార్టీని కూల్చగలమని ఆమె నమ్మదు. దాని కళ్లుగప్పి బతకవచ్చునంటుంది. అందరికన్నా గట్టిగా నినాదాలిస్తుంది, బ్రహ్మచర్య సంఘం పట్టీ నడుముకు చుట్టుకుంటుంది, చాటుగా ప్రేమిస్తుంది. విన్‌స్టన్ నిషిద్ధ గ్రంథం చదివి వినిపిస్తుంటే నిద్రపోతుంది. ఆమె తిరుగుబాటు శరీరానికే పరిమితమని అతను ఎద్దేవా చేస్తాడు.

ఈ పాత్ర విభజనకు ఒక చరిత్ర వున్నది. రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920-21లో రాసిన ‘మేము’ నవలను ఆర్వెల్ 1946 జనవరిలో ‘ట్రిబ్యూన్’ పత్రికలో సమీక్షించాడు. అందులో తిరుగుబాటు నడిపేది ఐ-330 అనే స్త్రీ. ఊగిసలాడేది రాకెట్ నిర్మించే పురుషుడు. చిత్రహింసలు పెట్టినా ఆమె పెదవి విప్పదు. జమ్యాతిన్ స్వయంగా 1905 విప్లవంలో పాల్గొని జైలుకు వెళ్లినవాడు. వేరా జాసులిచ్, 1881లో ఉరికంబమెక్కిన సోఫియా పెరోవ్‌స్కాయా పుట్టిన నేల అది. అక్కడ విప్లవకారిణి కల్పన కానక్కరలేదు. ఆర్వెల్ ఈ అమరికను తలకిందులు చేసి ఆలోచనను పురుషుడికీ, దేహాన్ని స్త్రీకీ పంచాడు. ఇందులో పురుషాహంకారం లేదని నేననలేను. 2023లో సాండ్రా న్యూమన్ ఇదే కథను జూలియా వైపునుంచి నవలగా రాయవలసి రావడం ఊరికే కాదు.

అయినా నవలలోని సంఘటనలే విన్‌స్టన్ తీర్పును కాదంటున్నాయి. లండన్ మీద పడే బాంబులు ప్రభుత్వం వేయిస్తున్నవే కావచ్చునని అలవోకగా అనేది జూలియా. ఆ ఊహ చదువుకున్న విన్‌స్టన్‌కు ఎన్నడూ తట్టలేదు. ఓబ్రియన్ ఇంట్లో, అవసరమైతే పసిబిడ్డ ముఖాన ఆమ్లం పోయడానికి కూడా అతను ఒప్పుకుంటాడు. ఇద్దరూ శాశ్వతంగా విడిపోతారా అని అడిగినప్పుడు మాత్రం జూలియా అడ్డుపడి వద్దంటుంది. ఆ గదిలో వినిపించిన మొదటి నిరాకరణ అదే. ఓబ్రియన్ పోలీసు మనిషి. విన్‌స్టన్ నమ్ముకున్న గ్రంథ రచనలోనూ అతనికి భాగమున్నది.

అలాగని జూలియాను అందలమెక్కించను. నిన్నటి శత్రువు పేరు ఇవాళ మార్చేసినా ఆమెకు పట్టదు. దొంగిలించిన సుఖానికి సహచరులు అక్కరలేదు. విన్‌స్టన్ ఆశంతా శ్రామికుల మీదే, కాని సారాకొట్లో ఒక ముసలివాణ్ణి పాతరోజుల గురించి ప్రశ్నలడిగి విసిగిపోయి వచ్చేస్తాడు. కిటికీ కింద పెరట్లో ఒక శ్రామిక స్త్రీ పాడుకుంటూ గుడ్డలారేస్తుంటుంది. ఆమెలో అతనికి భవిష్యత్తు కనిపిస్తుంది. ఇద్దరిలో ఒక్కరూ మెట్లు దిగి ఆమెను పలకరించరు. వాళ్లింకా కిటికీ దగ్గర నిలబడి వుండగానే గోడమీది పటం వెనకనుంచి పోలీసు గొంతు వినిపిస్తుంది.