డబ్లిన్ రంగస్థలం నుంచి మదనపల్లెకు

పెద్దమండ్యం నుంచి పనుల మీద మదనపల్లె వెళ్ళివచ్చే మనవారికి అక్కడి దివ్యజ్ఞాన కళాశాల కొత్త కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరి 28న 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించింది అక్కడే. అప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చిన జేమ్స్ కజిన్స్ నాటకాలు ఆడినవారు, రాసినవారు అన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

కజిన్స్ 1873లో ఐర్లండులోని బెల్‌ఫాస్టులో జన్మించారు. మనలో చాలామందిలాగే గుమాస్తాగా జీవితం ప్రారంభించారు. తర్వాత డబ్లిన్ చేరి, 1902లో ఫే సోదరుల నాటక సమాజంలో వేషం కట్టారు. అదే ఏడు ఆయన రాసిన రెండు నాటకాలను ఆ సమాజం ప్రదర్శించింది. మరో హాస్యనాటకం మహాకవి యేట్స్‌కు నచ్చకపోవడంతో అక్కడ ఆడనేలేదు.

1915లో అనిబిసెంటు ఆహ్వానంపై సతీమణి మార్గరెట్‌తో మద్రాసు వచ్చి 'న్యూ ఇండియా' పత్రికలో చేరారు. మరుసటి ఏడు ఐరిష్ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది. అప్పుడే బిసెంటు ఆయనను మదనపల్లె కళాశాలకు పంపారు. 1919లో మీరాబాయి కథతో 'ది కింగ్స్ వైఫ్' నాటకం వెలువరించారు.

మైసూరులో ఆంగ్ల కవితలు తెచ్చి చూపిన ఒక విద్యార్థికి, మాతృభాషలో రాయమని ఆయన హితవు చెప్పారు. ఆ విద్యార్థే కన్నడానికి తొలి జ్ఞానపీఠం తెచ్చిన కువెంపు. 1956లో కజిన్స్ మదనపల్లెలోనే కన్నుమూశారు.

తెలుగు చదవడం మరుస్తున్న మన మనవలకు, మనవరాళ్ళకు ఆ పరదేశి చెప్పిన హితవు వినిపించడం పెద్దలమైన మన బాధ్యత.