పహణి మిషను నుండి క్యూఆర్ స్టిక్కరు దాకా

మా పక్క రైతులు చాలామంది మొదటిసారి కంప్యూటరు ముందు నిలబడింది తాలూకా ఆఫీసులోనే. 2000 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం భూమి పథకం పెట్టి, చేతిరాత పహణీలను కంప్యూటరులోకి ఎక్కించింది. అప్పటికి మనం ఇంకా కోలారు జిల్లాలోనే ఉన్నాం, చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది 2007లో. 15 రూపాయలు కడితే పహణి చేతికొచ్చేది. ఆఫీసరు వేలిముద్ర పెడితేనే లోపలి రికార్డు తెరుచుకునేది, అందువల్ల ఎవరు మార్చారో తెలిసిపోయేది. పాస్‌వర్డు అయితే ఒకరిది ఇంకొకరు వాడుకోవచ్చు, వేలు అట్లా కాదు కదా!

బయటి ప్రపంచంలో వెబ్ అంతకు ముందే మొదలైంది. 1991లో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని అందరికీ తెరిచాడు. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. మొదటి పేజీలు నోటీసు బోర్డు లాంటివి. చదివి పోవడమే, దుడ్లు కట్టేది లేదు. అమ్మకాలు మొదలైనాకే ఇబ్బంది వచ్చింది. కార్డు నంబరు పోస్టుకార్డు మీద రాసినట్టు దారిలో ఎవరైనా చదవగలిగేలా పోయేది. అందుకే నెట్‌స్కేప్ కంపెనీ 1995లో ఎస్ఎస్ఎల్ అనే రహస్య లిపి పద్ధతి తెచ్చింది. బ్రౌజరులో మనం చూసిన తాళం బొమ్మ దాని సంతానమే. ఆ తాళం ఉత్తరాన్ని దారిలో చదవనీయదు, అంతే. ఉత్తరం అందుకునేవాడు దొంగా దొరా అన్నది అది చెప్పదు. చాలామంది ఈ తేడా తెలీకే మోసపోతున్నారు.

ఇక మన రోడ్డు సంగతికి వద్దాం. బెంగళూరు నుండి హైదరాబాదు పోయే బస్సులు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగానే పోతాయి. 2005 దీపావళికి ఊరికి పోడానికి టికెట్టు దొరకని ఫణీంద్ర సామ అనే తెలుగు ఇంజనీరు, ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో బెంగళూరులో రెడ్‌బస్ పెట్టాడు. ఏజెంటుల చీటీల్లో ఉన్న సీట్లు తెర మీదికి వచ్చాయి. 2013లో దాన్ని ఐబిబో కొనుక్కుంది. కానీ అప్పటి జనానికి కార్డు నంబరు ఇవ్వాలంటే భయం. ఫ్లిప్‌కార్ట్ 2010లో వస్తువు చేతికొచ్చాకే డబ్బు తీసుకునే పద్ధతి పెట్టింది ఆ భయం చూసే. నా లెక్కలో అది వ్యాపార తెలివే కాదు, భద్రతా ఏర్పాటు కూడా.

2009 ఆగస్టు 1 నుండి ఆన్‌లైను కార్డు చెల్లింపుకి రెండో గుర్తింపు ఉండాలని రిజర్వు బ్యాంకు అంది. ఓటీపీ మనకి అలవాటయింది అట్లా. ఇంకో పేజీ వస్తే గిరాకీ మధ్యలో లేచిపోతాడని వ్యాపారుల బాధ. ఊబర్ విదేశీ దారిలో చెల్లింపులు తిప్పి దీన్ని దాటేస్తే, 2014లో రిజర్వు బ్యాంకు ఆపింది. తొందర, భద్రత అనే ఈ రెంటి జగడం ఇంకా తీరలేదు.

2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు టీ అంగడి నుండి చింతామణి టమోటా మండీ దాకా క్యూఆర్ స్టిక్కర్లే. దొంగ కూడా దారి మార్చాడు. కంప్యూటరు తాళం పగలగొట్టే కష్టం వాడికెందుకు? స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటిస్తే చాలు. లేదా ఫోను చేసి "మీకు డబ్బు పంపిస్తా, పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

మన సరిహద్దులో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, ఓటీపీ మెసేజీ ఇంగ్లీషు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న హెచ్చరిక మా అవ్వ చదవలేని లిపిలో వస్తుంది. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపడానికి అవకాశం ఉంటుంది. ఆ నంబరు తెలుగులో రాసిన బోర్డు మా పక్క ఒక్క అంగడిలోనూ నాకింకా కనబడలేదు.