మెదడుకు గాయం, మనసుకు చికిత్స

1848వ సంవత్సరం సెప్టెంబరు 13వ తేదీ. అమెరికా దేశంలో వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్ గ్రామం దగ్గర రైలుమార్గం కోసం కొండరాళ్ళను పేలుస్తున్నారు. పనివాళ్ళ మేస్త్రీ పేరు ఫినియస్ గేజ్, వయస్సు 25 ఏళ్ళు. చురుకైనవాడని, నమ్మదగినవాడని యజమానుల దగ్గర పేరు తెచ్చుకొన్నాడు.

ఆ రోజుల్లో రాయి పేల్చే పద్ధతి ఇట్లా ఉండేది. రాతిలో లోతుగా రంధ్రం తొలిచి, అందులో తుపాకిమందు పోసి, వత్తి అమర్చేవారు. దానిమీద ఇసుక పోసి ఇనుపకడ్డీతో గట్టిగా కూరేవారు. ఇసుక ఉండడంవల్ల కడ్డీ దెబ్బ నేరుగా మందుకు తగలదు. పేలుడు శక్తి కూడ పైకి తన్నుకు రాకుండా రాతిని చీలుస్తుంది. ఆనాటి సాయంత్రం నాలుగున్నర గంటల వేళ గేజ్ దృష్టి పక్కకు మళ్ళింది. ఇసుక పోయకముందే కడ్డీ రంధ్రంలో దిగింది. రాతికి రాసుకొని నిప్పురవ్వ లేచింది. మందు అంటుకొన్నది. కడ్డీ తుపాకిగుండు వలె పైకి దూసుకువచ్చింది.

ఆ కడ్డీ పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, మందం అంగుళంపావు, బరువు దాదాపు 6 కిలోలు. మన గడ్డపార వంటిదన్నమాట. అది గేజ్ ఎడమ చెంప క్రింద ప్రవేశించి, కంటి వెనుకగా పోయి, మెదడు ముందుభాగాన్ని చీల్చి, తలపై ఎముకను బద్దలు చేసుకొని దూరాన పడింది.

గేజ్ చనిపోలేదు. కొద్ది నిమిషాల్లోనే మాట్లాడాడు. ఎద్దుబండిలో కూర్చొని తన బసకు చేరుకొన్నాడు. జాన్ మార్టిన్ హార్లో అనే యువవైద్యుడు చికిత్సకు పూనుకొన్నాడు. గాయంలో చీముపట్టడానికి క్రిములే కారణమని వైద్యులు అప్పటికి ఎరుగరు. జోసెఫ్ లిస్టర్ తన క్రిమినాశక పద్ధతిని ప్రకటించింది 1867లో. అయినా హార్లో గాయాన్ని ఓపికతో శుభ్రపరుస్తూ, చీముగడ్డ కట్టినప్పుడు కోసి చీము తీసివేస్తూ రోగిని కాపాడాడు. ఎడమకంటి చూపు పోయింది. కాని పది వారాలు గడిచేసరికి గేజ్ స్వగ్రామానికి వెళ్ళగలిగాడు.

మనిషి మారిపోయాడా?

ఇంతవరకు ఇది శరీరానికి సంబంధించిన వింత. మనసుకు సంబంధించిన సంగతిని హార్లో 20 ఏళ్ళ తరువాత, 1868లో ప్రకటించాడు. గాయం మానిన తరువాత గేజ్ స్వభావం మారిందని ఆయన వ్రాశాడు. మునుపు నెమ్మదస్తుడు, ఇప్పుడు నోటికివచ్చినట్లు తిట్టేవాడు. మునుపు పట్టుదలతో పని సాధించేవాడు. ఇప్పుడు ఒక ఆలోచన తలపెట్టి, అది పూర్తికాకుండానే ఇంకొకదానిపైకి పోయేవాడు. యజమానులు పాత ఉద్యోగం మళ్ళీ ఇవ్వలేదు. ఇతడు మునుపటి గేజ్ కాడని స్నేహితులు అనుకొన్నారు.

అప్పటి శాస్త్రజ్ఞులకు ఇది ఎంతో విలువైన సాక్ష్యం. మెదడులో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పని ఉన్నదా, లేక మెదడంతా కలిసి ఒక్కటిగా పనిచేస్తుందా అనే వివాదం సాగుతున్న కాలమది. 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు, మాట పడిపోయిన ఒక రోగి మరణించిన తరువాత మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో ఒకచోట దెబ్బతిన్నట్లు చూపించాడు. మాట్లాడే శక్తికి ఒక స్థానమున్నదని తేలింది. 1878లో ఇంగ్లండులో డేవిడ్ ఫెరియర్ తన ఉపన్యాసాలలో గేజ్ ఉదంతాన్ని ఎత్తిచూపి, నుదుటి వెనుకనున్న లలాట ఖండాలకు గాయమైతే నడక, చూపు, స్పర్శ చెడకపోయినా స్వభావం మారవచ్చునని వాదించాడు. నాటినుంచి గేజ్ పాఠ్యపుస్తకాలలోకి ఎక్కాడు.

కాని పుస్తకాలలోకి ఎక్కింది సగం కథ. తక్కిన సగం ఇది. గేజ్ ఏడాదికి పైగా ఒక గుర్రపుశాలలో పనిచేశాడు. 1852లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశం వెళ్ళాడు. అక్కడ వాల్పరైసో, శాంటియాగో నగరాల మధ్య ప్రయాణికుల బండి తోలాడు. నిండా బరువెక్కిన బండి, ఆరు గుర్రాలు, కొండదారులు, తెలియని భాష. వేళకు లేవడం, గుర్రాలను సిద్ధంచేయడం, ప్రయాణికులతో మెలగడం, దారిలో ముందుచూపుతో నడుచుకోవడం, అన్నీ చేయాలి. గాలివాటుగా తిరిగేవాడు ఇటువంటి పనిలో ఏళ్ళతరబడి నిలవడం సాధ్యంకాదు. ఆస్ట్రేలియా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మాల్కం మాక్‌మిలన్ ఈ సాక్ష్యాలన్నీ వెదకి 2000లో ఒక గ్రంథం ప్రకటించాడు. గేజ్ స్వభావంలో వచ్చిన మార్పు మొదటి కొన్నేళ్ళకు సంబంధించినదని, క్రమబద్ధమైన జీవితం అతడు తిరిగి కుదుటపడడానికి తోడ్పడి ఉండవచ్చునని ఆయన అభిప్రాయం.

1859లో ఆరోగ్యం చెడి గేజ్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి దగ్గరకు చేరాడు. మూర్ఛలు మొదలై 1860 మే 21న మరణించాడు. అప్పుడు మెదడును ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి ఏ భాగం ఎంత దెబ్బతిన్నదో కపాలాన్ని బట్టి ఊహించవలసిందే. 1994లోను, 2012లోను కంప్యూటరు సహాయంతో కడ్డీ పోయిన దారిని లెక్కకట్టారు. 2012 నాటి పరిశోధకులు, దెబ్బ ఎడమ లలాట ఖండానికి తగిలినా, దానిని మెదడు ఇతర భాగాలతో కలిపే నాడీతంతువులు కూడ తెగి ఉంటాయని చూపారు.

గాయమే చికిత్స అయిన కాలం

గేజ్‌కు జరిగింది ప్రమాదం. తరువాతి శతాబ్దంలో వైద్యులు అదే లలాట ఖండంలో కావాలనే గాయం చేయసాగారు. దీనికి గేజ్ కథ నేరుగా కారణం కాదు. కారణాన్ని ఆనాటి మానసిక చికిత్సాలయాలలో వెదకాలి. అవి కిక్కిరిసి ఉండేవి. 1955 నాటికి అమెరికాలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలలో సుమారు 5 లక్షల 59 వేలమంది ఉన్నారు. తీవ్రమైన మానసిక వ్యాధికి 1950కి ముందు నమ్మదగిన మందు లేదు. గొలుసులు, మూసిన గదులు, చన్నీటి తొట్లు ఉండేవి. బిడ్డ ఇరవయ్యో ఏట ఆసుపత్రిలో చేరితే, ఇక తిరిగిరాడని కన్నవారు నిశ్చయించుకొనేవారు. ఏదైనా చేయండని వైద్యులను బ్రతిమాలింది తరచు వారే.

1935 ఆగస్టులో లండను నగరంలో నాడీశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఫుల్టన్, కార్లైల్ జాకబ్‌సెన్ అనేవారు రెండు చింపాంజీలమీద చేసిన ప్రయోగాలను వివరించారు. వాటి పేర్లు బెకీ, లూసీ. రెండు గిన్నెలలో ఒకదాని క్రింద తినుబండారం దాచి, కొంతసేపు తెర దించి, తరువాత వెదకమనేవారు. లలాట ఖండాలు తీసివేసిన తరువాత రెండింటికీ ఈ జ్ఞాపకం చెడింది. ఐతే బెకీ విషయంలో ఇంకొకటి జరిగింది. మునుపు తప్పు చేసినప్పుడల్లా ఆగ్రహంతో గోలచేసే బెకీ, శస్త్రచికిత్స తరువాత శాంతంగా ఉన్నది. లూసీ సంగతి దీనికి విరుద్ధం: మునుపు శాంతంగా ఉండేది, తరువాత తప్పు చేస్తే కోపగించుకొనేది. లోకం బెకీని గుర్తుపెట్టుకొన్నది, లూసీని మరచిపోయింది.

ఆ సభలో పోర్చుగల్ దేశపు నాడీవైద్యుడు ఎగాస్ మోనిజ్ ఉన్నాడు. మెదడులోని రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపే పద్ధతిని 1927లో కనిపెట్టిన మేధావి ఆయన. మానసిక రోగుల మెదడులో నాడీకణాల మధ్య సంబంధాలు కొన్ని బిగుసుకుపోయి, ఒకే ఆలోచన వదలకుండా తిరుగుతూ ఉంటుందని, ఆ తంతువులను త్రెంచితే రోగి విముక్తుడౌతాడని ఆయన ఊహ. దీనికి ప్రత్యక్ష ప్రమాణం ఏదీ లేదు. 1935 నవంబరు 12న లిస్బన్‌లో మొదటి శస్త్రచికిత్స జరిగింది. కీళ్ళ వ్యాధితో మోనిజ్ చేతులు సహకరించకపోవడంవల్ల ఆయన సహచరుడు అల్మైడా లీమా కత్తి పట్టాడు. తలకు రెండు రంధ్రాలు చేసి, తంతువులను చంపడానికి మొదట ఆల్కహాలు ఎక్కించారు. తరువాత తంతువులను కోసే పరికరం వాడారు. 1936లో మోనిజ్ 20 మంది రోగుల ఫలితాలు ప్రకటించాడు: 7 గురికి నయమైంది, 7 గురికి మెరుగైంది, 6 గురిలో మార్పు లేదు.

విద్యార్థి ఇక్కడ ఆగి ఈ అంకెలను పరీక్షించాలి. శస్త్రచికిత్స తరువాత రోగులను చూచింది ఎంతకాలం? చాలామంది విషయంలో కొన్ని వారాలు మాత్రమే. చికిత్స పొందనివారితో పోల్చి చూశారా? లేదు. మానసిక వ్యాధులలో కొన్ని వాటంతట అవే తగ్గి మళ్ళీ హెచ్చుతుంటాయి. అందుచేత పోల్చకుండా గుణాన్ని చికిత్సకు ఆపాదించడం కుదరదు. "మెరుగు" అంటే ఏమిటి? రోగి అల్లరి మానడమా, ఆనందంగా బ్రతకగలగడమా? నిర్ణయించింది ఎవరు? కత్తి పట్టించినవారే. రోగులను పంపిన చికిత్సాలయపు అధికారి సోబ్రాల్ సిద్ ఆనాడే ఈ పద్ధతిని ఆక్షేపించాడు. ఆయన మాట ఎవరికీ వినబడలేదు.

అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్, జేమ్స్ వాట్స్ 1936 సెప్టెంబరులో ఈ పని మొదలుపెట్టారు. దీనికి "లోబోటమీ" అనే పేరు స్థిరపడింది. 1941లో కెనెడీ కుటుంబపు కుమార్తె రోజ్‌మేరీకి 23వ ఏట ఈ శస్త్రచికిత్స చేశారు. నడక, మాట దెబ్బతిని, 2005లో మరణించేవరకు ఆమె పరుల సంరక్షణలోనే బ్రతికింది. 1946లో ఫ్రీమన్ కంటిగుంట పైభాగం గుండా సన్నని ఉలివంటి పరికరాన్ని సుత్తితో దించే సులువైన పద్ధతి ప్రవేశపెట్టాడు. అతడు శస్త్రవైద్యుడు కాడు. వాట్స్ దీనిని నిరసించి విడిపోయాడు. 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమానం లభించింది. ఆ ఒక్క సంవత్సరంలోనే అమెరికాలో సుమారు 5 వేల లోబోటమీలు జరిగాయి.

మనదేశం దీనికి దూరంగా లేదు. బెంగుళూరు మానసిక చికిత్సాలయానికి చెందిన గోవిందస్వామి, బాలకృష్ణారావు భారతీయ రోగులకు చేసిన శస్త్రచికిత్సలనుగూర్చి 1944లో "లాన్సెట్" పత్రికలో వ్రాశారు.

కొందరి ఆవేదన తగ్గినమాట నిజమే. కొందరు ఇల్లు చేరారు. కాని చాలామందిలో ఆవేదనతోపాటు చొరవ, ఆసక్తి, ఆప్యాయత కూడ అడుగంటాయి. కొందరికి మూర్ఛలు వచ్చాయి. కొందరు రక్తస్రావంతో మరణించారు. తెగిన తంతువులు మళ్ళీ అతుకవు. సోవియట్ యూనియన్ 1950లో ఈ పద్ధతిని నిషేధించింది.

మందుల రాక, మారిన వాదం

1952లో పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రొమజైన్ అనే మందు తీవ్రమైన మానసిక వ్యాధిలో గుణమిస్తుందని చూపారు. అదే ఏడు సర్పగంధి వేరునుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ వేరు ఉన్మాదానికి, రక్తపు పోటుకు పనిచేస్తుందని గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే మనదేశంలో ప్రకటించారు. మందులకూ దుష్ఫలితాలు లేకపోలేదు. వణుకు, బిగుసుకుపోవడం వంటివి కనబడ్డాయి. ఐతే మందును ఆపవచ్చు. కోతను వెనుకకు తీసుకోలేము. కొద్ది ఏళ్ళలోనే లోబోటమీ వెనుకబడింది.

వాదం అంతటితో ముగియలేదు. 1987లో ఫ్రాన్సులో వణుకుడు రోగాలకు, మెదడులో సన్నని తీగ అమర్చి విద్యుత్తుతో ప్రేరేపించే పద్ధతి మొదలైంది. దానిని తీవ్రమైన మనోవ్యాకులతకు ఉపయోగించి హెలెన్ మేబర్గ్ బృందం 2005లో 6 గురు రోగుల ఫలితాలు ప్రకటించింది. 4 గురికి గుణం కనబడింది. ఆశలు చిగురించాయి. ఈసారి శాస్త్రజ్ఞులు అక్కడ ఆగలేదు. 90 మందికి తీగలు అమర్చి, కొందరికి విద్యుత్తు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, ఎవరికి ఇచ్చారో రోగికీ పరీక్షించేవారికీ తెలియనీయకుండా 6 నెలలు చూశారు. రెండు తెగల మధ్య చెప్పుకోదగిన భేదం కనబడలేదు. ఆ సంగతిని 2017లో దాచకుండా ప్రకటించారు. దీర్ఘకాలంలో కొందరు మెరుగుపడడంవల్ల పరిశోధన సాగుతున్నది. మనదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక వ్యాధికి మెదడుమీద శస్త్రచికిత్స చేయాలంటే రోగి విషయం తెలుసుకొని సమ్మతించాలి. సంబంధించిన బోర్డు అనుమతి కూడ ఉండాలి.

మోనిజ్ క్రూరుడు కాడు, ఫుల్టన్ అబద్ధమాడలేదు. తొందరపడి సగం కథను మొత్తం కథగా తీసుకోవడంలోనే దోషమున్నది. గేజ్‌ను కాపాడిన హార్లో నడత ఇందుకు భిన్నం. రోగి కనుమరుగైన తరువాత కూడ ఆయన మరువలేదు. ఏళ్ళు గడిచాక చిరునామా తెలుసుకొని గేజ్ తల్లికి ఉత్తరం వ్రాశాడు. చిలీ సంగతి, బండి సంగతి, చివరి మూర్ఛల సంగతి లోకానికి తెలిసింది ఆమె ద్వారానే. 1867లో కొడుకు సమాధిని తెరిపించి కపాలాన్ని, కడ్డీని హార్లోకు అప్పగించడానికి ఆమె ఒప్పుకొన్నది. అవి ఇప్పుడు హార్వర్డు విశ్వవిద్యాలయపు వారెన్ ప్రదర్శనశాలకు చెందిన సంపద. చికిత్స తరువాత ఆ మనిషి ఎట్లా బ్రతికాడని ఒక వైద్యుడు ఇరవయ్యేళ్ళకైనా అడిగినందువల్లనే గేజ్ కథ మనకు దక్కింది. మెదడు చికిత్స ఏదైనా సరే, మొదట అడగవలసిన ప్రశ్న అదే.