స్థౌల్యము, చింతనము: గోదావరీ మండలంలో అన్నం నడచిన దారి

చరకసంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయానికి అష్టౌనిందితీయమని పేరు. శరీరాకృతి కారణంగా లోకం నిందించే ఎనిమిది విధాల మనుష్యులను ఆచార్యుడు అక్కడ పేర్కొంటాడు. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, అతిరోముడు, అరోముడు, అతికృష్ణుడు, అతిగౌరుడు, అతిస్థూలుడు, అతికృశుడు. మొదటి ఆరుగురినీ పేరు చెప్పి విడిచిపెట్టి, చివరి ఇద్దరినే చికిత్సకు స్వీకరిస్తాడు. పుట్టుకతో వచ్చిన రూపానికి చికిత్స ఏముంటుంది? లోకం నిందించినంత మాత్రాన అది రోగం కాదు.

స్థౌల్యానికి చరకుడు చెప్పిన హేతువులను నేటి వైద్యుడు చదివినా ఆశ్చర్యపోడు. అతిభోజనం, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థాల సేవనం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్ర, బీజస్వభావం, అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించినది. వీటి నడుమ ఒక మాట మాత్రం పాఠకుని నిలవేస్తుంది. అది అచింతనం. ఆలోచన లేకపోవడం కూడ శరీరాన్ని స్థూలం చేస్తుందట. అదే అధ్యాయంలో మరికొంత దూరం వెళ్ళగా, స్థౌల్యాన్ని విడువగోరేవాడు జాగరణతోను వ్యాయామంతోను పాటు చింతనను కూడ క్రమక్రమంగా వృద్ధిచేసుకోవాలని ఔషధంగా విధించాడు. వైద్యులు ఈ పదాన్ని మనశ్శ్రమ అనే అర్థంలో గ్రహిస్తారు. కొందరు దిగులు అని కూడ అంటారు. దిగులుతో బక్కచిక్కిన వారిని మనమందరం చూశాము గనుక అది నిరాధారం కాదు. కాని సాధకుని దృష్టికి ఇందులో మరొక అర్థం స్ఫురిస్తుంది. తన ముందున్న విస్తరిని, దానిపై పడుతున్న చేతిని, ఆ చేతిని కదిలిస్తున్న కోరికను చూడగలగడమే చింతన. ఈ అర్థానికి ప్రమాణం వెదకవలసి వస్తే ధవళేశ్వరం దిగువన ఉన్న గోదావరీ మండలం కన్న తగిన క్షేత్రం నాకు కనబడలేదు.

ఈనాడు అన్నపూర్ణ అని పిలువబడే ఈ నేల రెండువందల ఏండ్ల క్రితం ఆకలినేల. నందన నామ సంవత్సరంలో, అనగా 1832-33లో, వచ్చిన కరువు తెలుగు జిల్లాలను ఊడ్చివేసింది. గుంటూరు సీమ అన్నింటికన్న ఎక్కువ నష్టపోయినా రాజమహేంద్రవరం జిల్లా కూడ ఆ దశాబ్దాలలో జనాన్ని కోల్పోయింది. కనుచూపు మేరలో గోదావరి నిండుగా ప్రవహిస్తూ సముద్రంలో కలుస్తూ ఉండగా, ఆ ఒడ్డుననే మనుష్యులు ఆకలితో మరణించారు. ఆర్థర్ కాటన్ 1844లో ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక పుట్టింది ఈ వైపరీత్యం నుండే. 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా నిలిచింది. గోదావరీ స్నానసంకల్పంలో కాటన్ దొరను స్మరించే పురోహితులు ఉన్నారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. అన్నం పెట్టినవానిని ఋషితుల్యునిగా భావించడం మన సంప్రదాయానికి కొత్త కాదు.

కాలువ నీరు వచ్చిన తరువాత మారినది పైరు ఒక్కటే కాదు. జొన్నన్నం, చోడి అంబలి, గంటె సంకటి క్రమంగా మెట్టకు పరిమితమైనాయి. పల్లపు సీమలో వరి అన్నమే భోజనమైనది. వరి అన్నం తినడం గౌరవచిహ్నమైనది కూడ. అయినను చాలకాలం దేహాలు బరువెక్కలేదు. కారణం స్పష్టం. దమ్ము చేసేది, నాట్లు వేసేది, కోసేది, నూర్చేది, మోసేది అన్నీ మనుష్యదేహాలే. ఇంట రోకలి, తిరగలి, కవ్వం ఉన్నవి. ధాన్యాన్ని దంచి బియ్యం చేసుకునే ఇంటిలో ఎంత తిన్నారో అంత శ్రమ ఆ తినుబండారంలోనే ఇమిడి ఉండేది. దంపుడు బియ్యానికి తవుడు అంటుకొని ఉన్నట్లే, అన్నానికి వ్యాయామం అంటుకొని ఉండేది. బియ్యపు మరలు ఈ రెండింటినీ ఒక్కసారే వేరుచేశాయి.

దీనికి వెనుక మరొక దుఃఖచరిత్ర కూడ ఉన్నది. ఉత్తర సర్కారులు బెరిబెరి వ్యాధికి పేరుమోసిన ప్రాంతం. మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో 1835లోనే ఆ వ్యాధిపై ఒక గ్రంథం ప్రకటించాడు. తవుడుతో పాటు పోయే సూక్ష్మపోషకమే ఆ వ్యాధికి మూలమని శాస్త్రం గుర్తించడానికి ఇంకొక శతాబ్దం పట్టింది. తెల్లని అన్నం శుద్ధమైనదని మనం అనుకున్నాము. తెలుపు వేరు, శుద్ధి వేరు అని శరీరం చెప్పవలసి వచ్చింది.

కరువును చూసిన తరాలకు అన్నం పట్ల ఎట్టి భక్తి కలుగుతుందో తెలియాలంటే డొక్కా సీతమ్మగారిని స్మరించాలి. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరంలో మెట్టిన ఆ తల్లి 1909 వరకు, ఏ వేళ ఎవరు వచ్చినా, కులగోత్రాలు అడుగకుండా అన్నం పెట్టింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానం వచ్చినా అతిథులను విడిచి కదలలేదని, ఆమె చిత్రపటమే అక్కడికి వెళ్ళిందని కోనసీమలో నేటికీ చెబుతారు. గన్నవరం వద్ద ఆక్విడక్టుకు ఆమె పేరు ఉన్నది. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ 2024లో ఆమె పేరే పెట్టారు. వరద వచ్చిన రాత్రి లంకలో చిక్కుకున్నవానికి అన్నం పెట్టడం వేరు, కడుపునిండిన వియ్యంకునికి ఒట్టుపెట్టి మరొక బొబ్బట్టు వడ్డించడం వేరు. మొదటిది యజ్ఞం. రెండవది ఆ యజ్ఞపు అలవాటు మాత్రమే, దాని ప్రయోజనం తీరిపోయి ఆచారం మిగిలినది. గోదావరి మర్యాద అని మనం మురిసిపోయే కొసరి వడ్డనలో కరువు నాటి భయం ఇంకా దాగి ఉన్నదని నా అభిప్రాయం. దానిని తప్పుపట్టలేము. కాని గుర్తించకుండా ఉండనూ కూడదు.

చెరకు, కొబ్బరి, నెయ్యి సమృద్ధిగా ఉన్న సీమ ఇది. తాపేశ్వరం కాజా, కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకు దేశమంతటా ప్రసిద్ధి పొందినవి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. పండుగనాటి భక్ష్యాలుగా ఉన్నంతకాలం వీటివలన ఎవరికీ హాని లేదు. నిత్యభోజ్యాలైనప్పుడు, అదే సమయంలో కోతయంత్రం పొలంలోకి, మోటారుబండి వీథిలోకి వచ్చినప్పుడు లెక్క మారింది.

ఎంత మారినదో రెండు అధ్యయనాలు చెబుతాయి. 2006లో ప్రకటితమైన ఒక పరిశీలన తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో సంభవించిన మరణాలను విచారించింది. వాటిలో సుమారు మూడవ వంతు హృదయ రక్తనాళ సంబంధమైనవని తేలింది. పల్లెలలో అంటురోగాలే ప్రధాన మృత్యుకారణమనే నమ్మకం అక్కడితో సడలింది. అదే పరిశోధక బృందం ఇక్కడి 20 గ్రామాలలో 30 ఏండ్లు పైబడిన 4,535 మందిని పరీక్షించగా నూటికి 13 మందికి మధుమేహం ఉన్నది. ఈ సంఖ్య కన్న నన్ను ఎక్కువగా కలవరపరచినది వేరొకటి. వారిలో సగం మందికి తమకు ఆ వ్యాధి ఉన్నదనే తెలియదు.

తెలియకపోవడమనే మాట వేదాంత విద్యార్థికి సామాన్యమైన మాట కాదు. ఆత్మను ఎరుగని స్థితిని మనం అవిద్య అంటాము. ఆత్మ అతిసూక్ష్మం కనుక ఎరుగకపోవడానికి కొంత సమర్థన ఉన్నది. దేహం అత్యంత స్థూలం. నలభై ఏండ్లుగా ధరించి తిరుగుతున్న ఆ స్థూలమే ఎరుకకు రాలేదంటే చరకుడు అచింతనమని దేనిని అన్నాడో బోధపడుతుంది.

భక్తబృందాలలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "దేహమే మిథ్య, దానిని గురించి ఇంత తాపత్రయమెందుకు?" ఈ మాట ఎక్కువగా పంక్తిభోజనాలలో, రెండవ మారు పులిహోర వచ్చినప్పుడు వినబడడం గమనించదగినది. దేహం మిథ్య అయితే జిహ్వ కూడ మిథ్యయే కదా. ఈ వైరాగ్యం కాలికి, చేతికి వర్తించి నాలుకను మాత్రం మినహాయిస్తుంది. దీనికి ఎదురుగా, అద్దం ముందు నిలిచి కండరాలను ఉపాసించే నవీన దేహాభిమానం మరొక వైపు ఉన్నది. రెండూ దేహాన్ని చూడనివే. ఒకటి కళ్ళు మూసుకొన్నది, రెండవది ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తున్నది.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో క్రమం ఇట్లా లేదు. బ్రహ్మను బోధించమని కుమారుడు అడిగితే వరుణుడు తపస్సు చేయమన్నాడు. భృగువు తపించి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. ఆ తరువాతనే ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం. అన్నమయకోశాన్ని దాటవలసినదే. కాని దానిని తపస్సుతో తెలుసుకొని దాటాడు, తెలియకుండా లంఘించలేదు. ఆ వల్లి చివరి భాగం మరల అన్నవ్రతాల వద్దకే వచ్చి, అన్నాన్ని నిందించరాదని, త్రోసివేయరాదని, సమృద్ధిగా సంపాదించాలని, గృహానికి వచ్చినవానిని కాదనరాదని విధిస్తుంది. సీతమ్మగారు జీవించినది ఆ ఉపనిషద్విధినే.

ఆహారాన్ని తపస్సుగా చేసుకొనే మార్గం ఆధునిక కాలంలో తెలుగుదేశానికి ఒక వింత దారిలో వచ్చింది. జర్మనీలో లైప్జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే రచించిన ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. భారతదేశంలో ఈ చికిత్సా ఉద్యమ చరిత్ర రాసేవారు ఆ అనువాదంతోనే ఆరంభిస్తారు. తొట్టిస్నానాలు, మితమైన సాత్వికాహారం, ఉపవాసం దాని సాధనాలు. గాంధీ దక్షిణాఫ్రికాలోనే కూనే పద్ధతిని తనపై, తనవారిపై ప్రయోగించి చూశాడు. గోదావరీ మండలంలో భీమవరం వంటి పట్టణంలో, నలువైపులా వరిచేలు ఉన్న చోట, వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి చికిత్సను నెలకొల్పారు. ధాన్యాగారం నడిబొడ్డున ఉపవాసాశ్రమం మొలవడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. ఔషధం ఎప్పుడూ వ్యాధి ఉన్న చోటికే వస్తుంది.

కూనే సిద్ధాంతాలలో అన్నీ నేటి శాస్త్రపరీక్షకు నిలువవు. రోగాలన్నింటికీ మూలం ఒక్కటేనని అతడన్నది అతిశయోక్తి. మధుమేహానికి మందులు వాడుతున్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఉపవాసాలకు దిగడం ప్రమాదకరం కూడ. కాని ఈ మార్గంలో కొంతకాలం నడిచినవారు బరువు తగ్గడంతో పాటు మరొక విషయం చెబుతారు, అదే మనకు ముఖ్యం. భోజనవేళకు ఆకలి వస్తుంది. దానిని తీర్చకుండా ఊరక గమనిస్తే కొంతసేపటికి అదే పోతుంది. అట్లా వచ్చిపోయినది ఆకలి కాదు, గడియారం. మరొకటి విసుగు, ఇంకొకటి దుఃఖం, మరొకటి ఇతరులు తింటున్నారనే స్పర్ధ. ఇవన్నీ ఆకలి వేషంలో వచ్చినవే. నిజమైన ఆకలి వీటన్నింటి వెనుక, ఆడంబరం లేకుండా, ఏది పెట్టినా తృప్తిపడే రూపంలో ఉంటుంది. వేదాంతం ఆకలిదప్పులను షడూర్ములలో చేర్చి, అవి ప్రాణధర్మాలని, ఆత్మధర్మాలు కావని చెబుతుంది. ప్రవచనంలో వందసార్లు విన్న ఈ వాక్యం ఒక ఏకాదశి నాటి మధ్యాహ్నం అనుభవానికి వస్తుంది. ఆకలి దృశ్యమైనది, చూస్తున్నవాడు వేరుగా మిగిలాడు.

అందుకే గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు మిక్కుటంగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ సమానంగానే యోగాన్ని నిరాకరించాడు. హఠయోగప్రదీపిక మితాహారాన్ని నిర్వచిస్తూ కడుపులో నాల్గవ భాగాన్ని ఖాళీగా విడువమన్నది, భుజించేది శివప్రీతికై అన్నది. చరకుని పథ్యాలు చూస్తే మరొక విశేషం. యవలు, శ్యామాకం, కొర్రలు, జొన్నలు, ఆళ్ళు, పెసలు, ఉలవలు, మజ్జిగ. జీర్ణించడానికి గురువుగా ఉండి, దేహాన్ని అతిగా పోషించనివి స్థూలునికి హితమని ఆయన సూత్రం. కాలువలు రాకముందు ఈ సీమ పేదలు తిన్న ధాన్యాలలో పలు ఇందులో ఉన్నవి. నేడు అవే రాజమహేంద్రవరపు దుకాణాలలో సన్నబియ్యం కన్న ఎక్కువ ధర పలుకుతున్నవి.

కోనసీమలో ఆదుర్రు స్తూపం ఉన్నది. బౌద్ధం ఈ లంకలలో ఒకప్పుడు గృహధర్మం వంటిదని దాని ఇటుకలు సాక్ష్యం చెబుతాయి. గనుక పాళీ సంయుత్తనికాయంలోని కథ ఒకటి ఇక్కడ చెప్పడం అసంగతం కాదు. కోసలరాజు ప్రసేనజిత్తు ద్రోణపరిమాణం అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని వద్దకు వచ్చాడు. బుద్ధుడు ఆయనకు ఉపవాసం విధించలేదు, మందు ఇవ్వలేదు. ఎరుకతో తినేవాని బాధలు సన్నగిల్లుతాయని, అతడు మెల్లగా జీర్ణించుకొని ఆయుష్షు కాపాడుకుంటాడని భావం వచ్చే ఒక గాథ చెప్పాడు. రాజు తన వెనుక నిలిచిన సుదర్శనుడనే యువకునికి ఆ గాథ నేర్పించి, తాను భుజించే ప్రతిసారీ దానిని వినిపించమన్నాడు. అందుకు దినానికి నూరు కార్షాపణాల వేతనం. తరువాతి వ్యాఖ్యానం ఇంకొక వివరం చేర్చింది. రాజు చివరి ముద్ద ఎత్తినప్పుడే గాథ చదవాలి. రాజు ఆ ముద్దను విడిచిపెట్టగానే అందులోని మెతుకులకు సరిపడే బియ్యాన్ని మరుసటి వంటలో తగ్గించాలి. రోజుకొక ముద్ద చొప్పున ద్రోణం తగ్గి తగ్గి నాళికకు దిగింది. కొంతకాలానికి దేహం తేలికైన రాజు తన అవయవాలను తన చేతితో తానే తడిమి చూసుకున్నాడని సూత్రం చెబుతున్నది.