అక్షరాల యాజమాన్యం: గుంజాల దాకా ఒక చరిత్ర

1998లో నా కథల సంపుటి కరీంనగర్‌లో ఒక డి.టి.పి. కేంద్రంలో కంపోజ్ అయింది. చేతిరాత ప్రతిని చెదలు తిన్నాయి. అచ్చయిన కాపీలు మిత్రుల దగ్గరికి వెళ్లి, మిత్రుల ఇళ్లలో పుస్తకాలకు పట్టే గతే వాటికీ పట్టింది. మిగిలింది ఒక సి.డి. మొన్నామధ్య రెండో ముద్రణ ప్రయత్నంలో దాన్ని తెరిస్తే తెర నిండా రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములున్న వింత ఆకారాలు. అవి తెలుగులో కనిపించాలంటే ఒకానొక కంపెనీ ఫాంటు కావాలి. ఆ ఫాంటు పనిచేయాలంటే కంప్యూటర్ వెనక ఒక తాళం బిళ్ల గుచ్చాలి. ఆ బిళ్ల గుచ్చే రంధ్రం ఇప్పుడు తయారయ్యే కంప్యూటర్లకు లేనే లేదు.

ఇది నా ఒక్కడి సమస్య అయితే ఈ పేజీల్లో రాయనవసరం లేదు. 1990ల నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు తెలుగులో వచ్చిన పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు అత్యధికం ఇదే పద్ధతిలో తయారయ్యాయి. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు కవి గురించి, కాలం గురించి, ఉద్యమం గురించి రాస్తారు. ముద్రణ సాధనం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న సీసపు అక్షరాల కాలం దాకా వచ్చి ఆగిపోతుంది. కంప్యూటర్ వచ్చాక ఆ ప్రశ్న తీరిపోయిందని మనం ఎందుకో అనుకున్నాం.

అసలు జరిగిందేమిటి? ఆనాటి ఫాంటులో 256 గదులుండేవి. రోమన్ లిపి కోసం చేసిన గదులవి. తెలుగుకు అవి చాలవు కనుక అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తులు మరికొన్ని గదుల్లో. ఏ ముక్క ఏ గదిలో ఉండాలో ప్రతి కంపెనీ తనకు తోచినట్టు నిర్ణయించుకుంది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాల ప్రమాణం 1991లోనే ప్రభుత్వం తరఫున వచ్చింది. తెలుగుకు 128 స్థానాలిచ్చిన యూనికోడ్ తొలి కూర్పూ అదే సంవత్సరం వెలువడింది. అయినా మార్కెట్ వాటిని పట్టించుకోలేదు. ఒకసారి తమ ఫాంటుకు అలవాటు పడ్డ గిరాకీ బయటికి పోలేకపోవడమే వ్యాపారానికి లాభం. దీనికి ఎవరి దుర్బుద్ధినీ వెతకనక్కరలేదు. సరుకు స్వభావం అది.

ఇదే కాలంలో ప్రపంచంలో మరో రకం సాఫ్ట్‌వేర్ పెరుగుతూ వచ్చింది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన సేద్యం చాలు. ఒకే కాడి, అవే ఎడ్లు. దుక్కికి నాగలి కడతాం, విత్తడానికి గొర్రు కడతాం, కలుపుకు గుంటుక కడతాం. కాడి కొలత ఊళ్లో వడ్లాయనకు తెలుసు గనుక కొత్త పనిముట్టు చేయడానికి ఎవరి అనుమతీ అడగడు. సాఫ్ట్‌వేర్‌లో ఆ కాడిని ప్లాట్‌ఫాం అంటారు, దానికి కట్టే పనిముట్టును ప్లగిన్ అంటారు. మూలరచన అందరికీ తెరిచి ఉండటాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

ఈ పద్ధతికి తొలి రూపాల్లో ఒకటి 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన ఈమాక్స్ అనే రాత పనిముట్టు. వాడేవాడే దాన్ని తన అవసరానికి పెంచుకోవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ దానికి పెట్టిన షరతు ఒకటే. ఎవరు ఏ మెరుగు చేర్చినా తిరిగి అందరికీ ఇవ్వాలి. ఇదే భావాన్ని ఆయన తర్వాత లైసెన్సుగా, చట్టం భాషలో రాశాడు. 2001 నవంబరులో ఐ.బి.ఎం. తన ఎక్లిప్స్‌ను బహిరంగం చేసింది. ప్రోగ్రాములు రాసే ఆ పరికరంలో చిన్న కేంద్రం తప్ప తక్కినవన్నీ ప్లగిన్లే. ఇంత పెద్ద కంపెనీ ఎందుకు ఇచ్చింది? ధర్మానికి ఇవ్వలేదు. పోటీ కంపెనీల పరికరాలను నిలువరించడానికి ఉమ్మడి కాడి ఒకటి దానికి అవసరమైంది. ఓపెన్ సోర్స్ అనగానే సమష్టి ఆస్తి అని మురిసిపోయే యువమిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగుకు సంబంధించి ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం పద్మ. మొజిల్లా ఫైర్‌ఫాక్స్ అనే ఓపెన్ సోర్స్ బ్రౌజరుకు వెన్న నాగార్జున రాసిన ప్లగిన్ అది. ఒక్కో దినపత్రిక ఒక్కో ఫాంటులో ఇంటర్నెట్ మీద వెలువడుతున్న రోజుల్లో, ఆ ముక్కల అక్షరాలను అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. ఫాంటుకొక పట్టిక. ఈ గదిలో ఉన్నది కొమ్ము, ఆ గదిలో ఉన్నది గుడి అని ఓపికగా కూర్చి రాసిన పట్టిక. కొత్త పట్టిక చేరిస్తే కొత్త పత్రిక చదవవచ్చు. దీనికి ఆ పత్రికల యాజమాన్యాన్ని గానీ మొజిల్లాను గానీ అడగాల్సిన పని లేదు. వీవెన్ 2006లో తెచ్చిన లేఖిని ఈ పద్మ ఆధారంగానే తయారైంది. వేలాది మంది తెలుగువాళ్లు కంప్యూటర్ మీద తొలి తెలుగు వాక్యం రాసుకున్నది దానిలోనే. మన భాషా సంఘాలు, అకాడమీలు తీర్మానాలు చేస్తున్న కాలంలో ఈ పని జీతం లేని శ్రమతో జరిగింది. సాహిత్యకారులుగా మనం దీన్ని సాంకేతిక నిపుణుల కాలక్షేపంగా చూశాం.

అయితే కాడి కొలత మారితే? 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు పాత పద్ధతి ప్లగిన్లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. భద్రత, వేగం అని కారణాలు చెప్పారు. అవి అబద్ధాలు కావు. కానీ ఏళ్ల తరబడి రాసిన వేల ప్లగిన్లు ఆ రోజుతో ఆ బ్రౌజరులో పనిచేయడం మానేశాయి. తిరగరాసే ఓపికున్నవాళ్లు తిరగరాసుకున్నారు. మూలరచన తెరిచి ఉంది గనుక కొందరు పాత కాడినే తీసుకుని పేల్‌మూన్ వంటి వేరే బ్రౌజర్లుగా కొనసాగించారు. తాళం బిళ్ల ప్రపంచంలో ఈ మాత్రం దారి కూడా ఉండదు. అయినా మూలరచన తెరిచి ఉండటం వేరు, నిర్ణయం అందరి చేతిలో ఉండటం వేరు.

ఈ కథ తెలుగు దగ్గరే ఆగితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. తెలుగుకు రాష్ట్రాలున్నాయి, పత్రికలున్నాయి, మార్కెట్ ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. కొమురం భీం 1940లో జోడెఘాట్ దగ్గర చనిపోయాక, నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదివాసుల పరిస్థితి అధ్యయనానికి నియమించిన సంగతి పాఠకులకు తెలుసు. ఆయన చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చయ్యాయి. గోండికి లిపి లేదన్నది అప్పటి నమ్మకం. ఈ శతాబ్దం తొలినాళ్లలో జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుంజాలలో ప్రత్యేక లిపిలో ఉన్న డజను దాకా రాతప్రతులను వెలుగులోకి తెచ్చారు. 1750 ప్రాంతానివని తొలి అంచనా. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. ఎనిమిదో షెడ్యూలులో ఆ భాష లేదు. దానికి ఫాంటు చేసి లాభం తీసే కంపెనీ పుట్టదు.

2018 జూన్‌లో యూనికోడ్ 11వ కూర్పులో గుంజాల గోండి 63 సంకేతాలతో చేరింది. అంతకు ఏడాది ముందే మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగల్‌సింగ్ మసరామ్ 1918లో రూపొందించిన మరో గోండి లిపి చేరింది. సంకేతాలు చేరితే అక్షరం తెర మీదికి రాదు. గుణింతం ఎక్కడ కూర్చోవాలో, వత్తు ఎలా అతకాలో చెప్పే యంత్రం ఒకటి కావాలి. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ రచన ఆ పని చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోన్లు అన్నిటి లోపలా అదే ఉంది. పేరు పారశీకం. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఉర్దూ మీడియంలో చదివిన మా పెదనాన్న తరం వాళ్లకు ఈ పేరు చెప్పకుండానే అర్థమయ్యేది. ఒకప్పుడు ప్రతి లిపికీ వేరుగా ప్రోగ్రాము రాయాల్సి వచ్చేది. 2015లో మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఉమ్మడి పద్ధతిని హార్ఫ్‌బజ్ కూడా స్వీకరించింది. అప్పటి నుంచి కొత్త లిపికి ప్రధానంగా కావలసింది పట్టిక. పద్మ పట్టికకు దూరపు చుట్టం అనుకోవచ్చు. నోటో వరసలో గుంజాల గోండి ఫాంటు ఉచిత లైసెన్సుతో వచ్చింది.

ఇక్కడ ఉత్సాహపడి విజయం అని రాసేయడం తేలిక. యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. కానీ ఓటు హక్కున్న సభ్యుల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలే. నోటో ఖర్చు గూగుల్‌ది. ఉట్నూరు ఏజెన్సీలో గోండి పాఠం చెప్పే టీచరుకు తన లిపిలో ఒక గుర్తు తప్పుగా అతుకుతోందని తెలిసినా, దాన్ని ఇంగ్లీషులో రాసి, ప్రోగ్రాములు రాసేవాళ్ల పరిభాషలో ఒప్పించి, ఎదురుచూడాలి. తలుపు తెరిచే ఉంది, గడప మాత్రం చాలా ఎత్తు. ఆ టీచరు పక్కన కూర్చుని ఆ ఉత్తరం రాసేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు? నాచుపల్లి జె.ఎన్.టి.యు. కళాశాల నుంచి ఏటా బయటికొచ్చే పిల్లలకు ఈ పని ఒకటుందని మనం ఎప్పుడైనా చెప్పామా?

నా సి.డి. సంగతి. మా బంధువుల అబ్బాయి ఒకడు, ఇంజనీరింగ్ చదివినవాడు, పద్మ పద్ధతి చూసి నా ఫాంటుకొక పట్టిక రాశాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క అచ్చు కాపీ ముందు పెట్టుకుని, ఏ వింత గుర్తుకు ఏ తెలుగు ముక్క అని నేను చెబుతుంటే వాడు కొట్టేవాడు. బండి ఱ దొరకలేదు. పుస్తకమంతా వెతికితే నేను దాన్ని ఎక్కడా వాడలేదని తేలింది. ఆ గది ఖాళీగానే వదిలి, పట్టికను నలుగురికీ అందేలా పెట్టాం. మొన్న మంచిర్యాల నుంచి ఒక మిత్రుడు తన తండ్రి కవితల ఫైలు అందులో తెరిచి చూసి, ఖాళీ గదిలో ఱ రాసి పంపాడు.