ఓదనపాణినీయులు: ప్రాచీన విద్యార్థుల నిజజీవనము

ప్రాచీనకాలమున విద్యార్థుల జీవన మెట్లుండెనను ప్రశ్నకు సాధారణముగా ధర్మశాస్త్రములనుండి ప్రత్యుత్తరము చెప్పఁబడుచున్నది. సమిధలు దెచ్చుట, భిక్షాటనము, భూశయనము, గురుశుశ్రూష మొదలగు నియమములను బేర్కొని, నాఁటి విద్యార్థు లందఱు నిట్లే యుండిరని నిశ్చయించుట పరిపాటి యైనది. కాని విధివాక్యము జరుగవలసినదానిని జెప్పునే కాని జరిగినదానిని జెప్పదు. మీమాంసకు లెఱిఁగిన యీ భేదమును చరిత్రకారులు విస్మరించుట తగదు. జరిగినదానికి సాక్ష్యము వేఱుచోట వెదకవలెను. అట్టి సాక్ష్యములు రెండు గలవు. ఒకటి వైయాకరణుల యుదాహరణములు. రెండవది దాతల శాసనములు.

వైయాకరణుఁడు సూత్రమున కుదాహరణ మొసఁగునపుడు లోకమునఁ బ్రసిద్ధమైన మాటనే గ్రహించును. విద్యార్థులను స్తుతించుట గాని నిందించుట గాని యతని యుద్దేశము గాదు. శబ్దరూపమును సాధించుటయే యతని పని. కావున నట్టిచోట్లఁ బ్రాసంగికముగా దొరలిన లోకవృత్తము చరిత్రకు విశ్వసనీయమైన యాధారము. ఇఁక శాసనములందు వడ్లకొలఁతలు, భూమికొలఁతలు, జనసంఖ్యలు చెక్కఁబడియుండును. తరువాతివారు లెక్క దప్పింపకుండుటకై చెక్కినవి గాన నా భాగములం దతిశయోక్తికిఁ దావు తక్కువ.

మొదట శబ్దశాస్త్రసాక్ష్యము. గురుకులమున వ్రతము ముగించి, గురువుచే ననుజ్ఞ పొందిన పిదపనే విద్యార్థి మంచ మెక్కవలెనని నియమము. నడుమనే మంచ మెక్కినవాఁడు ఖట్వారూఢుఁడు. పాణిని యీ సమాసమును నిందార్థమున విధించెను. తరువాత నా మాట త్రోవ దప్పినవారి కెల్లఁ జెల్లినది. ఒక గురుకులమునఁ గొన్నినాళ్లు, మఱియొకదానఁ గొన్నినాళ్లు నుండి యెచ్చటను నిలువని విద్యార్థిని, రేవునఁ జిరకాల ముండని కాకితోఁ బోల్చి, తీర్థకాకమని పతంజలినాఁటి లోకము పిలిచెడిది. వల్లించునపుడు పరీక్షలో నొక్క తప్పు దొరలినవాఁడు ఐకాన్యికుఁడు; రెండు దొరలినవాఁడు ద్వైయన్యికుఁడు; పండ్రెండు దొరలినవాఁడు ద్వాదశాన్యికుఁడు. తప్పుల సంఖ్యయే తనకుఁ బేరుగా నిలిచిన బాలుని మనఃస్థితి యెట్టిదో యూహింపవచ్చును. అనధ్యయనదినమైన చతుర్దశినాఁడు చదువువాఁడు చాతుర్దశికుఁడు. శ్మశానమునఁ జదువువాఁడు శ్మాశానికుఁడు. నిషిద్ధములైన దేశకాలములందుఁ జదువువారు లోకమున లేకున్నచో నీ మాటలను సాధింపవలసిన పని శాస్త్రమునకు లేదు.

వీనికంటె ముఖ్యమైనవి మఱికొన్ని గలవు. అన్నము దొరకునని పాణినీయము చదువువారు ఓదనపాణినీయులు. నేతికై రౌఢి సంప్రదాయమునఁ జేరినవారు ఘృతరౌఢీయులు. ఈ రెండు మాటలును మహాభాష్యమునఁ గలవు. క్రీస్తుశకము 7వ శతాబ్దినాఁటి కాశికావృత్తి, కంబళములకై చేరిన కంబళచారాయణీయులను, కన్యాలాభమునకై చేరిన కుమారీదాక్షులను, భిక్షకొఱకే మాణవకుఁడైన భిక్షామాణవుని గూడఁ బేర్కొన్నది. విద్యార్థులు జీవికకై చదువుచున్నారని నేఁడు నిందించువారు, పూర్వ మట్లు లేకుండెనని చెప్పుట కాధారము లేదు. నిందయుఁ బ్రాచీనమే; నిందింపఁబడినవారును బ్రాచీనులే.

ఐనను పతంజలి యింకొకచోట నిదే విషయమును వేఱుదృష్టితోఁ జూపెను. ప్రేరణార్థమున ణిచ్ ప్రత్యయమును విధించు సూత్రముకడ నొక శంక పుట్టినది. ‘చేయుము’ అని నోటితోఁ జెప్పువాఁడే ప్రేరకుఁడా? జడవస్తువు ప్రేరకము కాఁజాలదా? దీనికి భాష్యకారుఁడు రెండు లోకవ్యవహారములను జూపెను. భిక్ష విద్యార్థిని వసింపఁజేయుచున్నది. పిడకల నిప్పు వానిని జదివించుచున్నది. వ్యంజనములతోఁ గూడిన భిక్ష సమృద్ధిగా దొరకెనేని విద్యార్థి యా యూరనే నిలుచును. గాలి లేని యేకాంతస్థలమునఁ బిడకల నిప్పు చక్కఁగా మండెనేని చదువు సాగును. భిక్షకు నోరు లేదు, నిప్పునకు సంకల్పము లేదు; ఐనను బ్రేరకత్వము వానియందుఁ గలదు.

ఇచ్చట వివేచింపవలసినది యొకటి గలదు. అన్నమును గోరి చదివెనని యొకచోట నింద. అన్నమే చదువున నిలుపుచున్నదని వేఱొకచోట నంగీకారము. ఇది విరోధము గాదు. ఓదనపాణినీయునకు అన్నము ఫలము, పాణినీయము సాధనము. భిక్షచే వసించువానికి అన్నము హేతువు, అధ్యయనము ఫలము. తిండి రెండుచోట్లను నొక్కటియే. దాని స్థానము మాత్రము భిన్నము. అన్నమును ఫలస్థానమునుండి తొలఁగించి హేతుస్థానమున నిలుపుటయే ప్రాచీన విద్యాదాతల యత్నమని తరువాతి సాక్ష్యములు దెలుపుచున్నవి.

నలందావిహారమునఁ బ్రవేశమే కఠినమైనది. 7వ శతాబ్దిలో నచ్చటఁ జదివిన చీనాయాత్రికుఁడు హ్యుయన్‌త్సాంగు, ద్వారముకడ జరుగు ప్రశ్నోత్తరములలోఁ బదిమందికి నేడెనిమిదిమంది యోడి మరలిపోవుదురని వ్రాసెను. అదే శతాబ్దిచివర నచ్చట నివసించిన ఇత్సింగు, వ్యాకరణవిద్యార్థి చదువుక్రమమును దెలిపెను. ఆఱవయేఁట అక్షరములు, ఎనిమిదవయేఁట సూత్రపాఠము, పదవయేఁట ఖిలపాఠములు, పదునైదవయేఁట వృత్తి. వృత్తికే యైదేండ్లు, చూర్ణి యనఁబడు భాష్యమునకు మూఁడేండ్లు. ఇంతకాలము విద్యార్థి జీవించుట యెట్లు? ఆ విహారమునకు నూఱు గ్రామముల యాదాయము గలదనియు, అందుచే విద్యార్థులు గ్రాసాదులకై యొరుల నడుగఁబనిలేదనియు, వారి విద్యాపరిపూర్తికి నదియే మూలమనియు హ్యుయన్‌త్సాంగు చరిత్రమును వ్రాసిన శిష్యుఁడు చెప్పెను. ఇత్సింగు కాలమున కా గ్రామములు రెండువందలు దాఁటెను. భాష్యకారుని యుదాహరణమునకు నిది వ్యాఖ్యానము వంటిది.

ఇట్టి వ్యవస్థ కచ్చితమైన లెక్కలతోఁ గనఁబడునది దక్షిణదేశపు శాసనములందు. తమిళనాట విళుప్పురము ప్రాంతమున ఎణ్ణాయిరము అను గ్రామము గలదు. అచ్చటి దేవాలయమున రాజేంద్రచోళుని (1012–1044) కాలపు శాసనమొకటి, 340 మంది విద్యార్థుల విద్యాశాలను వర్ణించుచున్నది. వారిలో 270 మంది చిన్నతరగతి బ్రహ్మచారులు. ఋగ్వేదమునకు 75, యజుర్వేదమునకు 75, వాజసనేయమునకు 20, సామశాఖలు రెంటికి 40, అథర్వవేదమునకు 10, బోధాయనకల్పాదులకు 10, ధర్మకీర్తికృతమైన రూపావతారమునకు 40 మంది చొప్పున నేర్పఱుపఁబడిరి. తక్కిన 70 మంది పెద్దతరగతి ఛాత్రులు. ప్రాభాకరమీమాంసకు 35, వ్యాకరణమునకు 25, వేదాంతమునకు 10 మంది. రూపావతారము పాణినిసూత్రములను ప్రకరణములుగాఁ గూర్చిన గ్రంథము. వ్యాకరణమును గ్రొత్తగా మొదలిడు బాలున కష్టాధ్యాయీక్రమము కష్టమని నాఁటి గురువులు గ్రహించిరనుట కా నలువదిమందియే సాక్షులు.

ఇఁక గ్రాసము. చిన్నవానికి దినమునకు ఆఱు నాళుల వడ్లు. పెద్దవానికి ఒక కురుణి రెండు నాళులు, అనఁగాఁ బది నాళులు. ఇవి వడ్లు గాని బియ్యము గావు. దంచిన పిదప మిగులు బియ్యము సగమునకు లోపుగనే యుండును. పండ్రెండు కురుణులు కలము గాన, 340 మందికి దినమునకు 24 కలములకుఁ బైగా వడ్లు కావలెను. ఈ విద్యాశాలకై యేఁటికి నిర్ణయింపఁబడిన వడ్లు 10,506 కలములు. ఏఁటికి 360 దినములుగా గణించినచో నందు సుమారు ఆఱింట నైదు పాళ్లు విద్యార్థుల గ్రాసమునకే చెల్లుచున్నవి. వడ్లతోపాటు 61½ కళంజుల బంగారమును నిర్ణయింపఁబడెను. శాలాభవనముకంటెను, గురువుల వడ్లజీతముకంటెను విద్యార్థి కడుపునకే దాత ప్రాధాన్య మొసఁగెనని యీ గణనము స్పష్టపఱచుచున్నది.

తక్కిన శాసనములు తక్కిన యక్కఱలను జూపును. త్రిభువని శాసనమున (1048) 260 మంది విద్యార్థులకు, పండ్రెండుగురు గురువులకు వసతి యేర్పఱుపఁబడెను. గ్రామసభావ్యవహారములనుండి వారికి మినహాయింపును గలదు. బీజాపురప్రాంతపు సాలోటగి శాసనమున (945) విద్యార్థుల నివాసమునకు 27 గృహములు, దీపములకుఁ బ్రత్యేకముగా 12 నివర్తనముల భూమి గలవు. వీరరాజేంద్రుని కాలపు (1063–1070) తిరుముక్కూడల్ శాసనము మఱింత సూక్ష్మముగాఁ జూచినది. అరువదిమందికి భోజనము, పండుకొనుటకుఁ జాపలు, రాత్రి దీపములకు నూనె, శనివారముల యభ్యంగనమునకు వేఱుగా నూనె. వ్యాధి వచ్చినచోఁ బదునైదు శయ్యల వైద్యశాల, వైద్యుఁడు, శస్త్రచికిత్సకుఁడు, పరిచారికలు. అధ్యయనము సాగుటకు దీపమెంత యవసరమో తల నంటుకొను నూనెయు నంతియే యవసరమని యా ధర్మకర్త లెఱిఁగిరి. పతంజలి పిడకల నిప్పును బేర్కొన్న దృష్టియే యిచ్చటను గలదు.

ఆంధ్రదేశమున నిట్టిదానికి మేలైన సాక్ష్యము గుంటూరు మండలపు మల్కాపుర శాసనము (1261). గణపతిదేవుఁడు గురువైన విశ్వేశ్వరశంభువునకు వాగ్దానము చేసిన మందడగ్రామమును రుద్రమదేవి ధారపోసి, వెలగపూడిని గూడఁ జేర్చి యిచ్చెను. అచ్చట నేర్పడిన విశ్వేశ్వరగోళకియందు వేదత్రయమునకు ముగ్గురు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములకు నైదుగురు గురువులు, వైద్యుఁ డొకఁడు, కాయస్థుఁ డొకఁడు నియమింపఁబడిరి. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రము అను మూఁటికి నాదాయము పంచఁబడెను. బ్రాహ్మణులు మొదలు చండాలురవఱకు నెల్లరకు నన్నము పెట్టవలెనని యా శాసనము విధించినది. చదువుచోటు, వంటచోటు, చికిత్సచోటు ఒక్క ధర్మముననే యిమిడియుండుట గమనింపఁదగినది.

ఐనను నీ శాసనములను స్తుతించి యూరకుండుట న్యాయము గాదు. అన్నపుఁబంక్తి యెల్లరకుఁ దెఱవఁబడిన మల్కాపురమునను వేదాధ్యయనము ద్విజులదే. ఎణ్ణాయిరమున లెక్కింపఁబడినవారు బ్రహ్మచారులు. ఇతరజాతుల బాలు రా లెక్కకు వెలియైరి. ఆపిశలి వ్యాకరణమును జదువు బ్రాహ్మణస్త్రీని ఆపిశల యని భాష్యకారుఁ డెఱుఁగును. అట్టి యామె కా 340 నెలవులలో నొక్కటియు లేదు. వడ్లు పండించి గ్రాసమును సమకూర్చిన రైతుబిడ్డకును లేదు. మఱియొక లోపమును గలదు. తిరుముక్కూడల్ వైద్యుని పేరు శాసనమునఁ గలదు. విద్యార్థి పేరొక్కటియు లేదు. ఎవ్వఁడు భాష్యాంతము చదివెనో, ఎవ్వఁడు తీర్థకాకమై యెగిరిపోయెనో తెలియదు. లెక్కపెట్టిన వడ్లు మాత్రము తెలియును.

కావున నాఁటి విద్యార్థులు నేఁటివారికంటె నిస్స్పృహులని గాని, నేఁటివారు నాఁటివారికంటె హీనులని గాని చెప్పుట కీ సాక్ష్యములు చాలవు. ఆఁకలి, చలి, తప్పుల భయము, గురువును మాఱ్చు చాపల్యము, జీవికచింత నాఁడును గలవు. విద్యార్థి మనస్సును నియమములు దిద్దఁజూచినవి. వాని యన్నమునకు వడ్లు కొలువఁబడినవి. రెండవది జరిగినచోటనే మొదటిది నిలిచినట్లు కనఁబడుచున్నది. ఎణ్ణాయిరమున నేఁడు దేవాలయము నిలిచియున్నది. 340 మంది విద్యార్థులు లేరు. గ్రాసపు లెక్క ఱాతిమీఁద మిగిలినది గాని గ్రాసము మిగులలేదు. గ్రాసము తొలఁగిన పిదప విద్యార్థి నిలుచునని శబ్దశాస్త్రము నెన్నఁడును జెప్పలేదు.